నాలుగు ప్లగ్గుల వరస

గద్వాల,
30 జూలై 2023.

అనంతయ్య పెద్దనాయినకు వంశీధర్ నమస్కారాలు.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. పాతబజారు నేతకారుల సంఘం కారు నడిపిన రామస్వామి కొడుకును. నాయిన పోయి మూడేళ్లయింది. ఆ కారు ఏ కొత్త చప్పుడు చేసినా ఆయన అనే మాట ఒకటే: "అనంతయ్యకు ఇనిపియ్యాలె." అందుకే మీకు ఫోన్ చేశాను. ఎత్తిన పెద్దమ్మ, "ఆయనకు చెవులు పూర్తిగ పోయినయి బిడ్డా. పెద్ద ఫోన్ గూడ లేదు. కాయితం మీద రాసి పంపు, సదువుకుంటడు" అంది. కాబట్టి ఈ ఉత్తరం.

సంఘం కారు డెబ్బై ఏడులో కొన్న అంబాసిడర్ అని మీకు తెలుసు. మగ్గానికి ఒక చీర కూలి చొప్పున వదులుకుని నేతకారులు కొనుక్కున్నారు. అది ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. తొమ్మిదేళ్లుగా షెడ్డులో దుమ్ము తింటోంది. ఇప్పుడు కమిటీ ఒక తీర్మానం చేసింది. సెప్టెంబర్ పదిన సర్వసభ్య సమావేశం. ఆరోజు కారు తన ఇంజిన్ మీద తాను నడిచి షెడ్డు బయటికి రావాలి. రాకపోతే మరునాడు పాత ఇనుము కింద లారీ ఎక్కుతుంది.

నేను లేచి నిలబడ్డాను. "ఈ కారును తుక్కు అన్నోడు రేపు మగ్గాన్ని గూడ తుక్కే అంటడు. నేను నడిపించి చూపిస్త" అన్నాను. వెనక వరసలోంచి ఎవరో, "ముందుగాల మగ్గం నడుపు తమ్మీ, కారు తర్వాత నడుపుదువు" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. శ్రమ గురించి, సంఘాల గురించి అచ్చయిన చిన్న పుస్తకాలు నలభై దాకా చదివాను పెద్దనాయినా. ఉమ్మడి ఆస్తి అంటే నవ్వులాటగా ఉన్న చోట దోపిడీకి ఎర్ర తివాచీ పరిచినట్టే అని వాటిలోనే తెలుసుకున్నాను.

ఇక్కడి మెకానిక్ జితేందర్ బండి విప్పి చూశాడు. "ఇంజిన్ మంచిగనే ఉందన్నా. ప్లగ్గులకు కరెంట్ పంచే డబ్బానే సచ్చింది" అన్నాడు. డిస్ట్రిబ్యూటర్ మూత పగిలింది, లోపలి ఇరుసు అరిగింది. బజారులో దొరికేవి ఏవీ దానికి సరిపోవడం లేదు. సరిపోయేది మీరు వెతికి పెట్టాలి. నా మాట మాత్రమే కాదు, సంఘం ప్రాణం దీని మీద ఉంది.

మీ
వంశీధర్

*

నాగర్‌కర్నూలు,
7 ఆగస్టు.

చిరంజీవి వంశీధర్‌కు,

ఉత్తరం అందింది. రామస్వామి పోయిన సంగతి అప్పుడే తెలిసింది, రాలేకపోయాను. ఆ మాట ఇప్పుడు నీకు చెప్పుకుంటున్నాను.

నీ ఉత్తరంలో సంఘం నాలుగుసార్లు వచ్చింది, ప్లగ్గు ఒకే ఒక్కసారి వచ్చింది. ఇట్లయితే బండి నడవదు నాయినా. కావలసిన సంగతులు రాయి. డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద ఒక నంబరు కొట్టి ఉంటది, కిరసనాయిలుతో తుడిస్తే కనబడతది. దాని లోపల తిరిగే రోటర్ ఎత్తు ఎంతో పుల్లతో కొలిచి, ఆ పుల్ల విరిచి పంపు. స్కేలుతో కొలిచి రాయకు, చాలామంది తప్పు రాస్తారు. పుల్ల తప్పు చెప్పదు.

ఒక మాట గట్టిగా చెప్తున్నా. అంబాసిడర్ అన్న పేరు చూసి సామాను కొనకు. పేరు ఒక్కటే. తొంభైల నుంచి వచ్చిన బండికి ఇంజినే మారింది. దాని పాయింట్లు, అంటే డబ్బాలో కరెంట్ కలిపి విడదీసే ముక్కలు, దీనికి కూర్చోవు. కూర్చున్నట్టు కనబడితే ఇంకా ప్రమాదం. ఫియట్‌వి అసలే కావు. దొరకక ఆలస్యమైతే బండి ఎక్కడికీ పోదు, తప్పు సామాను వేస్తే ఉన్నది కూడా కాలుతది.

నేను చూస్తున్నాను. వనపర్తిలో ఒక పాత దుకాణం మూసేసిన సామాను ఎవరో కొన్నారని విన్నాను. విన్నాను అంటే ఎవరో రాసి చూపించారు.

కోపం కొంచెం తగ్గించుకో. మీ నాయినకు కోపం వస్తే బానెట్ మూసి అవతలికి పోయి చాయ్ తాగేవాడు. ఆ గుణం మంచిది.

అనంతయ్య

*

గద్వాల,
21 ఆగస్టు.

పెద్దనాయినా,

పుల్ల పంపుతున్నాను. నంబరు సగం చెరిగిపోయింది, కనబడినంత వరకు వెనక రాశాను.

రోజులు పోతున్నాయి. మీ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నా వల్ల కాక మొన్న వనపర్తి పోయాను. మీరు చెప్పిన సామాను ఒక ఆమె దుకాణంలో ఉంది. గీత అట పేరు. బోర్డు మీద "అన్ని బండ్ల సామాన్లు లభించును" అని పెద్ద అక్షరాలు. ఆమె నేను చూపించిన పాత రోటర్‌ను అటు తిప్పి ఇటు తిప్పి నవ్వింది.

"గిది నా దగ్గర లేదు తమ్మీ."

"అన్ని బండ్లయి అని రాసిండ్రు గదా."

"అన్ని బండ్లు అంటే బతికున్న బండ్లు. నీది బండి తాత."

కొత్తరకం అంబాసిడర్ పాయింట్లు ఉన్నాయంది. "గవి నీ బండికి ఒస్తయని నేను చెప్పను, నీ ఇష్టం" అంది. తీసుకున్నాను. మీరు వద్దన్నారు, తెలుసు. కానీ చేతులు కట్టుకుని కూర్చునేవాడికి చరిత్ర జరగదు. ఆకురాయితో రాసి కూర్చోబెట్టాను. రెండు నిమిషాలు కరెంట్ వచ్చింది. తర్వాత పొగ వచ్చింది. కరెంట్ పెంచే కాయిల్ కూడా పోయింది.

ఇంట్లో అమ్మ మగ్గం ఆపి అడిగింది: "నీకు కారు తోలనీకె రాదు. గది నడిస్తే ఏంది, నడవకుంటె ఏంది?" నేను అమ్మకు అరగంట చెప్పాను. అంతా విని, "మీ నాయిన గిన్ని మాటలు చెప్పకుంటనే తోలె" అని మళ్లీ మగ్గంలోకి దిగింది.

ఇక ఇరవై రోజులే ఉంది. మీరు నిజంగా వెతుకుతున్నారా లేదా అన్నది సూటిగా రాయండి. పెద్దవాళ్లు ఓపిక అని దేన్ని అంటారో అది చాలాసార్లు బద్ధకం అని నాకు అనుభవం. తప్పుగా అనుకోకండి.

వంశీధర్

*

నాగర్‌కర్నూలు,
5 సెప్టెంబర్.

వంశీధర్‌కు,

తప్పుగా అనుకోలేదు. బద్ధకం కూడా కొంచెం ఉంది, అరవై తొమ్మిదేళ్లు.

బస్సు పార్సిల్‌లో ఒక అట్టపెట్టె వస్తది. అందులో పూర్తి డిస్ట్రిబ్యూటర్ ఉంది, మూతతో, వైర్లతో, కాయిల్‌తో సహా. అచ్చంగా మీ బండి కాలందే. ఒకచోట దొరికింది. నడుస్తున్న బండిలోంచి విప్పిందే కాబట్టి మంచిదా చెడ్డదా అన్న అనుమానం అక్కరలేదు. దీని సంగతి, ఇచ్చిపుచ్చుకునేది, మీ సమావేశం అయినంక చూద్దాం. ముందు బండి బయటికి రానీ.

ఇది శ్రద్ధగా చదువు. మూతలోంచి వచ్చే నాలుగు వైర్లకు నాలుగు రంగుల దారాలు కట్టాను. రేడియేటర్ దిక్కు నుంచి లెక్క. మొదటి ప్లగ్గుకు ఎరుపు, రెండోదానికి పచ్చ, మూడోదానికి పసుపు, నాలుగోదానికి నలుపు. అట్ల పెడితే వైర్లు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడ్డట్టు కనబడతయి. కనబడనీ. మూతలో గుచ్చిన దిక్కు మాత్రం ఒక్క వైరును కూడా పీకకు.

నిప్పు పడే టైమింగ్ జితేందర్‌తో పెట్టించు. నాకు ఒంట్లో బాగుంటే నేనే వచ్చేవాణ్ని. ఇప్పుడు బస్సులో అంత దూరం కూర్చోలేను.

బండి స్టార్టయితే రాయి. ఎట్ల మోగిందో రాయి.

అనంతయ్య

*

గద్వాల,
12 సెప్టెంబర్.

అనంతయ్య గారికి,

బండి ఎట్ల మోగిందో రాయమన్నారు కదా. రాస్తున్నాను.

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు రెండు వందల మంది సభ్యులు షెడ్డు ముందు నిలబడ్డారు. మా అమ్మ కూడా వచ్చింది. నేను తాళం తిప్పాను. ఇంజిన్ ఒకసారి దగ్గింది. తర్వాత సైలెన్సర్‌లోంచి పటాకులు పేలినట్టు పేలింది. మళ్లీ తిప్పాను. ఈసారి కార్బురేటర్‌లోంచి మంట వచ్చి ముందు నిలబడ్డ పెద్దమనిషి కండువా అంచు కాలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "దీపావళి ముందుగాలనే వచ్చిందిరో" అని ఒకడు. "నడిపిస్తనన్నడు గదా, మనల్నే ఉరికిచ్చిండు" అని ఇంకొకడు. బ్యాటరీ అయిపోయేదాకా తిప్పాను. అధ్యక్షుడు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇగ చాలు బిడ్డా" అన్నాడు. ఆ మాటలోని జాలిని నేను జన్మలో మరచిపోను.

సోమవారం కారు లారీ ఎక్కింది. వనపర్తి తుక్కు కొట్టుకు పోయింది. మీ డబ్బాతో సహా.

తప్పు నా దిక్కు లేదు. జితేందర్ శనివారం డబ్బా బిగించి టైమింగ్ పెట్టి, చుట్టాల పెళ్లికని అయిజ వెళ్లాడు. వైర్లు నేనే పెట్టుకున్నాను. మీరు చిక్కు చిక్కుగా పంపినవి కూడా ఓపికగా సాపు చేశాను. మా అమ్మ చూసి, "అనంతయ్య ఎన్నడన్న మగ్గం చూసిండా? పోగు మీద పోగు ఏసి పంపిండు" అంది. ఆ దారాలు విప్పి, మూతలో ఒకటి రెండు మూడు నాలుగు అని వరసగా మార్చి గుచ్చి, ఒక్కటి కూడా ఇంకొకదాని మీద పడకుండా కట్టాను. నేతగాడి బిడ్డను, అంత మాత్రం శుభ్రత తెలుసు. అయినా నడవలేదంటే, మీరు పంపిన సరుకే పనికిరాని సరుకు.

"ఒకచోట దొరికింది" అన్నారు. ఎక్కడ? ఎందుకు దాచారు? పనికిరాని సామానును పేదల సంఘానికి అంటగట్టి, తర్వాత చూద్దాం అని తీయగా రాయడం నాకు కొత్త కాదు, పుస్తకాల్లో చదివిందే.

నేను మాటలతో ఊరుకునేవాణ్ని కాను. "నకిలీ సామాన్లతో నేతకారుల నోట మట్టి కొట్టిన నాగర్‌కర్నూలు మెకానిక్ అనంతయ్య" అన్న పేరుతో కరపత్రం వేయించాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బస్టాండ్లలో అంటించి వచ్చాను. మీ వీధి మలుపులో కూడా. జవాబు ఉంటే ప్రజలకు చెప్పుకోండి.

వంశీధర్

*

నాగర్‌కర్నూలు,
19 సెప్టెంబర్.

వంశీధర్‌కు,

నీ కరపత్రం మా వీధిలో ముందు చూసింది ఇద్దరు ట్రాలీ ఆటో వాళ్లు. వాళ్లకు చదువు రాదు. నా ఫోటో లేదు కదా, పేరు మాత్రమే. చింపి తెచ్చి నా చేతికిచ్చి, ఏం రాసిండ్రో చదువుమని సైగ చేశారు. నేనే చదివి వినిపించాను. పైనుంచి కింది దాకా, ఒక్క మాట వదలకుండా. చదువుతుండగా వాళ్ల మొహాలు మారాయి. తర్వాత ఒకడు తన ఆటో తీసుకుని పోయాడు. ఇంకొకడు ఉన్నాడు.

అక్షరాలు బాగా పొందికగా ఉన్నయి. రెండుచోట్ల అచ్చుతప్పులున్నయి.

ఇక బండి సంగతి. ఇంజిన్‌లో నిప్పు వరసగా నడవదు నాయినా. మొదటి ప్లగ్గు కింది గదిలో పేలినంక మూడో గదిలో పేలతది. తర్వాత నాలుగు, ఆఖరుకు రెండు. ఇరుసు వణకకుండా సమంగా తిరగాలని చేసినవాళ్లు అట్ల పెట్టారు. అందుకే మూతలో ఒకటి, మూడు, నాలుగు, రెండు అని గుచ్చి ఉంటయి. అందుకే వైర్లు ఒకదాని మీద ఒకటి పడతయి. నువ్వు సాపు చేసినప్పుడు మొదటిది తప్ప తక్కిన మూడూ తప్పు గదికి పోయినయి. పటాకులు అవే, మంట అదే. డబ్బాలో దోషం ఉంటే పేలుడు కూడా ఉండదు, నిశ్శబ్దంగా ఉంటది. అన్ని పేలుళ్లు పేలిందంటే కరెంట్ బ్రహ్మాండంగా ఉన్నట్టు.

మీ అమ్మను ఏమనకు. మగ్గం దగ్గర ఆమె చెప్పింది నిజమే.

తప్పు నాది కూడా ఉంది. పీకకు అని రాశాను, ఎందుకో రాయలేదు. నా చేతి కింద నేర్చుకున్న వాళ్లెవరికీ ఎందుకో చెప్పలేదు, చెయ్యి మాత్రమే చూపించాను. కాగితం మీద చెయ్యి కనబడదని ఆలోచించలేదు.

తుక్కు కొట్టువాడు ఇంకా విప్పకపోతే ఆ డబ్బా అడిగి తీసుకో. వీలైతే వెనక్కి పంపు.

అనంతయ్య

(వెనక పేజీలో, వేరే చేతిరాత)

వంశీ, నేను లలితమ్మను, నీ ఫోన్ ఎత్తిన పెద్దమ్మను. ఆయన రాయలే, రాయడు గూడ. నేను రాస్తున్న. ఆ డబ్బా ఎక్కడిదని అడిగినవ్ గదా. మా కారుది. మాది గూడ మీ కారు ఈడుదే. చెవులు పోయినంక మోటరుసైకిల్ ఒద్దన్నం, గా కార్లనే పాన్‌గల్ దిక్కు ఊర్లళ్లకు పోయి రైతుల పంపు ఇంజిన్లు బాగుజేసి ఒస్తుండె. నీ పుల్ల ఒచ్చిన దినం కొలిచి చూసి, సక్కగ పోయి బానెట్ లేపిండు. ఏంది గిట్ల విప్పుతున్నవ్ అని సైగ జేస్తె, "రామస్వామి కొడుకు పదిమందిల మాట ఇచ్చిండు. వారం దినాల్ల మళ్ల ఒస్తది లే" అన్నడు. ఇప్పుడు కారు మీద పరదా కప్పిండు. ఊర్లళ్లకు పోతలేడు. నిన్ను తిట్టనీకె రాస్తలేను. నీకు తెల్వాలె అని రాస్తున్న.

*

గద్వాల,
8 అక్టోబర్.

పెద్దనాయినా,

ఈ ఉత్తరం పదకొండుసార్లు మొదలుపెట్టాను. మొదటి పదింటిలో వాదన ఉంది. చింపేశాను.

పెద్దమ్మ రాసింది చదివిన రోజే వనపర్తి పోయాను. తుక్కు కొట్టు ఊరి బయట ఉంది. సంఘం కారు ఏదని అడిగితే ఆయన చేత్తో మూడు దిక్కులు చూపించాడు. ఒక దిక్కు తలుపులు. ఒక దిక్కు పైకప్పు, నాలుగు ముక్కలుగా. ఇంజిన్ ఇనుము లారీలో వెళ్లిపోయింది. "అల్యూమినియం, రాగి ఏరి ముందుగాలనే పంపిస్తం. గా డబ్బా కరిగి ఉంటది ఈపాటికి" అన్నాడు. కరిగించే చోటు చెప్పమంటే ఫోన్ చేసి అడిగాడు కూడా. మంచివాడు. కరిగించేవాళ్లు నవ్వారట.

గీత దుకాణానికి మళ్లీ పోయాను. జరిగిందంతా చెప్పాను. ఆమె ఈసారి నవ్వలేదు. "ఆయనకు నీ మీద ఎంత నమ్మకం తమ్మీ, తన బండి గుండె తీసి ఇచ్చిండు" అంది. తర్వాత ఇద్దరం లోపలి గదిలో మూడు గంటలు పాత పెట్టెలు వెతికాం. రెండు మూతలు దొరికాయి, రెండూ పగిలినవి. మహబూబ్‌నగర్‌లో, కర్నూలులో అడిగాను. దొరికినవన్నీ కొత్త ఇంజినువే. పుల్ల నాకు కంఠతా వచ్చేసింది, కొలవకుండానే తెలుస్తోంది, ఇది కాదని.

కరపత్రాలు పీకడానికి పోయాను. గద్వాలలో వాన తడికి సగం ఊడిపోయాయి. వనపర్తిలో సినిమా పోస్టర్ల కింద పడ్డాయి. నాగర్‌కర్నూలు బస్టాండ్‌లో మాత్రం గట్టిగా ఉన్నాయి. మైదా బాగా ఉడికించి అంటించాను కదా, నేనే. చెంబులో నీళ్లు పోసి గోటితో గీకుతుంటే ఒక కండక్టర్ నిలబడి, "ఏందిది?" అన్నాడు. తప్పు రాసిన కాగితం అన్నాను. "మేం సదివినం గదా, మా తలకాయలకెల్లి ఎట్ల గీకుతవ్?" అన్నాడు. వేళాకోళంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఇంకో చెంబు నీళ్లు పోసి మళ్లీ గీకాను.

అక్కణ్నుంచి మీ షెడ్డు దాకా నడిచి వచ్చాను. పరదా కప్పిన కారు కనబడింది. మీరు అటు తిరిగి ఒక ఇంజిన్ మీద వంగి ఉన్నారు. గేటు మీద చెయ్యి పెట్టాను. సర్వసభ్య సమావేశంలో రెండు వందల మంది ముందు లేచి నిలబడినవాణ్ని, ఆ గేటు తియ్యలేకపోయాను. పదిహేను నిమిషాలు ఉండి వచ్చేశాను.

అమ్మకు వరస సంగతి చెప్పాను. ఆమె మగ్గం ఆపి లేచింది. ఆరోజు మళ్లీ మగ్గంలోకి దిగలేదు.

ఇంకొక కరపత్రం వేయించాను, మొదటిది అబద్ధమని, తప్పు చేసింది నేనని. ఒకటి ఇందులో పెట్టాను. మీరు సరే అంటే మూడు ఊళ్లలో అంటిస్తాను.

మీ ఓపికను బద్ధకం అన్నాను, మీరిచ్చినదాన్ని దోపిడీ అన్నాను. ఆ మాటలకు అర్థాలు నాకు పుస్తకాల్లో తెలుసు. మనుషుల మీద వేసి చూడటం అదే మొదటిసారి.

వంశీధర్

*

నాగర్‌కర్నూలు,
2 నవంబర్.

వంశీధర్‌కు,

ఉత్తరం ఆలస్యమైంది. ఊరికే ఆలస్యమైంది, కారణం లేదు.

కొత్త కరపత్రం చదివాను. ఇందులో నా పేరు మొదటి దానికంటే పెద్ద అక్షరాలలో ఉంది. వద్దు. మర్చిపోయినవాళ్లకు మళ్లీ గుర్తు చేసినట్టవుతది. గుర్తున్నవాళ్లు దీన్ని నమ్మరు, డబ్బులిచ్చి రాయించుకున్నాడంటారు. ఇప్పుడు షెడ్డుకు వచ్చేవాళ్లు కొందరు పాత సామాను ముందు పెట్టి, కొత్త సామాను పక్కన పెట్టి చూపించమంటున్నారు. ఈ ఊళ్లో నలభై ఏళ్లలో ఎవరూ అడగలేదు. చూపిస్తున్నాను. అడగడంలో తప్పు లేదు.

డబ్బా కోసం ఇక తిరగకు. దొరకదు. దొరికితే నాకే దొరికేది. పాన్‌గల్ రైతులు కొందరు ఇంజిన్లు ట్రాలీలో వేసుకుని ఇక్కడికే తెస్తున్నారు. మిగతావాళ్లు వేరేవాళ్లను చూసుకున్నారు. మంచిదే.

మీ నాయిన పోయినప్పుడు నేను రాలేకపోయానని రాశాను గదా. అది అబద్ధం. రాలేదు. ఎనిమిదేళ్ల కింద చిన్న మాట పట్టింపు మా ఇద్దరికీ, ఏ మాటో చెప్పినా నీకు నవ్వొస్తది. వాడే వస్తాడని నేను, నేనే వస్తానని వాడు. నీ పుల్ల వచ్చిన రోజు బానెట్ లేపింది నీ సంఘం కోసం కాదు. అది కూడా నీకు తెలియాలి.

ఇంకొకటి. ఆ రోజు నువ్వు గేటు దగ్గర నిలబడ్డది నాకు తెలుసు. ఎదురుగా గోడకు ఆనించిన లారీ అద్దంలో కనబడ్డావు. మీ నాయిన లెక్కనే ఒక భుజం దించి నిలబడ్డావు. లేచి రావాలనుకున్నా. అప్పటికి బోల్టు బిగించడం అయిపోయింది. మళ్లీ విప్పాను. మళ్లీ బిగించాను. నువ్వు వెళ్లిపోయేదాకా అట్లనే చేస్తున్నాను.

అనంతయ్య